ఆవిస్ దొరసాని కాళ్ళ దగ్గరి కుక్క

బెక్స్‌హాల్మ్ బజారువీధిలో మెరియెల్ పెట్టిన బొమ్మల కొట్టు అంతకుముందు చేపల కొట్టు. గోడలకి ఆ తెల్ల పలకలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎంత కడిగినా వాన పట్టిన రోజున మూలల్లోంచి సన్నగా నీచు వాసన లేచేది. ఎవరైనా ముక్కు చిట్లిస్తే మెరియెల్ నవ్వేసి, "పాత బొమ్మకి పాత వాసన. అది ఊరికే ఇస్తున్నాను, దానికి డబ్బులక్కర్లేదు" అనేది.

ఆమెకి ఇరవై మూడేళ్ళు. బ్యాంకులో గుమాస్తా పని వదిలేసి వచ్చింది. లెక్క మనసులోనే కట్టేస్తుంది, ఎదుటి మనిషి పెన్సిలు వెతుక్కునేలోపు జవాబు చెప్పేస్తుంది. ఆ రోజుల్లో ఇంగ్లండంతా పాత సరుకు పిచ్చి పట్టి ఉంది. నిన్న కట్టిన ఇంట్లో కూడా గోడమీద తాతలనాటిదేదో వేలాడాల్సిందే. ఆ పిచ్చి చల్లారేలోపు నాలుగు రాళ్ళు వెనకేసుకోవాలని ఆమె తాపత్రయం.

ఆ చలికాలం వేలంలో ఆమెకి ఒక పెద్ద పుస్తకం దొరికింది. సఫోక్ ప్రాంతపు చర్చిల్లో, సమాధుల మీద పడుకోబెట్టిన రాతి మనుషుల బొమ్మలు దాన్నిండా. రెండొందల ఏళ్ళ కిందట ఎవరో ఓపికమంతుడు చర్చి చర్చికీ తిరిగి, చూసింది చూసినట్టు రాగి రేకుల మీద గీతలు చెక్కి అచ్చు తీయించాడు. కవచాలతో సహా పడుకున్న యోధులు, చేతులు జోడించిన దొరసానులు, తల కింద రాతి దిండ్లు, కాళ్ళ కింద సింహాలో కుక్కలో. పుస్తకం వెన్ను విరిగిపోయింది. ముందు పేజీలు ఎలుకలు కొట్టేశాయి. పుస్తకంగా ఎవరికీ అక్కర్లేదు కాబట్టి చౌకగా పోయింది. మెరియెల్ దాన్ని ఇంటికి తెచ్చి, కుట్టు తెంపి, బొమ్మకి బొమ్మ విడదీసింది. ఆ వ్యాపారంలో అందరూ చేసే పనే అది.

చిక్కంతా ఫ్రేముల దగ్గర వచ్చింది. మూతపడుతున్న ఒక దుకాణంలో తయారు ఫ్రేములు మొత్తం గుత్తగా కొనేసింది. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే బొమ్మలు ఫ్రేముకన్నా బొటనవేలు వెడల్పు పొడుగున్నాయి. కొత్త ఫ్రేములు చేయిస్తే లాభమంతా వడ్రంగి ఎత్తుకుపోతాడు. ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుని లెక్క వేసింది. తర్వాత ఇనప స్కేలు పెట్టి, పదును కత్తి తీసుకుని, బొమ్మల అడుగుభాగం కొయ్యడం మొదలుపెట్టింది.

"అదేంటే, ఆవిడ కాళ్ళు నరికేస్తున్నావ్!" సోఫాలోంచి అంది అక్క రొవీనా.

"కాళ్ళు కాదక్కా, చెప్పుల కొసలు. పోయి అయిదొందల ఏళ్ళు దాటింది. ఇప్పుడెక్కడికి నడిచి వెళ్తుంది?"

"రేపు నన్నూ ఇలాగే కొలిచి కోస్తావు. ఈ పొట్టతో నేను ఏ ఫ్రేములోనూ పట్టను."

"నీకు గుండ్రటి ఫ్రేము చూస్తాలే."

రొవీనాకి నెలలు నిండాయి. మొగుడు గార్త్ చేపల ఓడ మీద ఐస్లాండు వైపు వెళ్ళాడు. అతను వచ్చేదాకా చెల్లెలి దగ్గరే, కొట్టు పైన ఉన్న గదిలో ఉంటోంది. కాళ్ళు బాగా వాచాయి. కాన్పులు చేసే నర్సు బ్లోమ్‌ఫీల్డ్ వచ్చి చూసి, పొద్దస్తమానం పడుకునే ఉండాలని, కాళ్ళు దిండుమీద ఎత్తి పెట్టుకోవాలని గట్టిగా చెప్పి వెళ్ళింది. అంతకుముందు ఒకసారి రొవీనాకి కడుపు నిలవలేదు. అందుకని మెరియెల్ అక్కని కుర్చీ కూడా జరపనిచ్చేది కాదు. రంగులు వేసే బల్ల కూడా పైకే తెచ్చుకుంది, కళ్ళెదుట ఉంటుందని.

ఆ రోజు కోసిన బొమ్మ కాల్డ్‌ఫోర్డ్ చర్చిలోని ఆవిస్ దొరసానిది. పురిట్లో పోయిన మనిషి. పొత్తిగుడ్డల్లో చుట్టిన రాతి బిడ్డ ఆమె పక్కన. పాదాల కింద మెత్త, మెత్త మీద చెవులు వేలాడే చిన్న కుక్క. మెడ పట్టీకి చిన్నచిన్న గంటలు. అది దొరసాని చెప్పులకి ఆనుకుని, తల పైకెత్తి, ఆమె మొహంకేసే చూస్తోంది. స్కేలు పెట్టిన చోట కత్తి సరిగ్గా పాదాల కొసలకీ కుక్కకీ మధ్యనుంచి పోయింది.

కుక్క ఉన్న ఆ కాగితపు పేలికని మెరియెల్ పారెయ్యలేదు. నలుపూ తెలుపూ బొమ్మలకన్నా రంగులు వేసినవి త్వరగా అమ్ముడుపోతాయి. అసలు బొమ్మ మీద కుంచె పెట్టేముందు, అదే కాగితపు ముక్క మీద రంగు ఎలా ఇంకుతుందో చూసుకోవాలి. ఆ పేలిక చివర దొరసాని గౌనుకి కలిపిన నీలం రుద్దింది. మెత్తకి ఎరుపు. కుంచెలో కాస్త గోధుమరంగు మిగిలితే కుక్క చెవులకి పూసింది. నాలిక్కి గులాబీ చుక్క. చివరికి, ఏమీ తోచక, కుంచె కొసతో కంట్లో నల్ల చుక్క పెట్టింది.

అది చూసి రొవీనా చెయ్యి చాచింది. "ఎంత ముద్దుగా ఉందే! పారెయ్యకు, నాకివ్వు." ఆ పేలికని నిప్పుగూటి పైన పలకమీద, తనకి కనబడేలా ఆనించి పెట్టించుకుంది.

దొరసాని బొమ్మ ఆ శనివారమే అమ్ముడుపోయింది. కాల్డ్‌ఫోర్డ్ నుంచి ఫెల్గేట్ అనే పెద్దాయన వచ్చాడు. "మా ఊరి దొరసానే, మా ఆవిడ పుట్టినరోజుకి సరిపోతుంది" అంటూ సరిగ్గా చూడకుండానే కట్టించుకుని పట్టుకుపోయాడు.

తర్వాత రెండు మూడు రోజులకి, మెరియెల్ కింద కొట్టులో ఉండగా, పైన చెక్క నేలమీద ఏదో నడిచినట్టయింది. గోళ్ళ చప్పుడు. చిన్న చిన్న అడుగులు, వాటితోపాటు గులకరాళ్ళు ఒకదానికొకటి తగిలినట్టు సన్నటి టకటక. ఎదురు మాంసం కొట్టువాళ్ళ కుక్క దూరిందనుకుని పైకి వెళ్ళింది. గదిలో రొవీనా తప్ప ఎవరూ లేరు. తడిసిన రాతి వాసన మాత్రం వేసింది. చాలాకాలం తలుపు తీయని చర్చిలో వేస్తుంది చూడండి, ఆ వాసన. దాని అడుగున తడి బొచ్చు వాసన.

"కుక్క వచ్చిందా అక్కా?"

"రాలేదే. ఎందుకూ?" రొవీనా నవ్వింది. "ఇవాళ నా కాళ్ళు ఎంత హాయిగా ఉన్నాయో తెలుసా. నిన్నటిదాకా నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. ఇప్పుడు అరికాళ్ళకి చల్లగా ఏదో ఆనుకున్నట్టుంది."

మెరియెల్ దుప్పటి ఎత్తి చూసింది. వాపు పోయింది. పాదాలు నున్నగా, తెల్లగా ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా తగిలాయి. మంచిదే కదా అనుకుంది.

నర్సు బ్లోమ్‌ఫీల్డ్‌కి మాత్రం అది నచ్చలేదు. పాదాన్ని వేలితో నొక్కి చూసి, మళ్ళీ నొక్కింది. "వాపు తగ్గింది సరే. రక్తం ఆడుతున్నట్టు లేదే! మేజోళ్ళు వెయ్యి, వేడినీళ్ళ సీసా పెట్టు. ఏమ్మా రొవీనా, బిడ్డ కదులుతున్నాడా?"

"నిన్నటిదాకా తంతూనే ఉన్నాడండీ. ఇవాళ కాస్త సద్దుమణిగాడు."

నర్సు చెవిగొట్టం పెట్టి చాలాసేపు విన్నది. "గుండె కొట్టుకుంటోంది. నిదానంగా ఉంది" అని మెట్ల దగ్గర మెరియెల్‌ని పక్కకి పిలిచి, "రేపటికి కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రికే. ఈలోగా ఏం తేడా వచ్చినా నాకు కబురు పెట్టు. వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ కూర్చోకు" అంది.

ఆ సాయంత్రం మెరియెల్ వేడినీళ్ళ సీసా మార్చడానికి దుప్పటి కింద చెయ్యి పెట్టింది. అంతకుముందే మరిగే నీళ్ళు పోసిన సీసా మంచుగడ్డలా ఉంది.

మర్నాడు పొగమంచు కమ్మింది. చూడ్డానికి రావాల్సిన నర్సు ఇంకా రాలేదు. బొగ్గు గనుల సమ్మె వల్ల వంతులవారీగా కరెంటు తీసేస్తున్నారు. ఆ రోజు బెక్స్‌హాల్మ్ వంతు. మధ్యాహ్నం మూడు దాటగానే వీధంతా ఒక్కసారి ఆరిపోయింది. కొట్టులో మెరియెల్ కొవ్వొత్తి వెలిగిస్తుండగా తలుపు గంట మోగింది. పొట్టిగా, బలంగా ఉన్న ఒకావిడ, చంకలో పొట్లంతో లోపలికొచ్చింది.

"నువ్వేనా అమ్మాయ్, మా ఆయనకి ఇది అంటగట్టింది?"

పొట్లం విప్పి, ఫ్రేములోంచి తీసిన ఆవిస్ దొరసానిని బల్లమీద పెట్టింది.

"మా ఆయన సంగతి వదిలెయ్. గుర్రాన్ని కొనమంటే గాడిదకి జీను కట్టించుకొచ్చే రకం. నువ్వైనా చెప్పాలా వద్దా? మా కుక్క ఏదీ?"

"ఫ్రేముకి పట్టలేదండీ. అడుగు కాస్త..."

"కోసేశావా!" మిసెస్ ఫెల్గేట్ కుర్చీ లాక్కుని కూలబడింది. "నేను నలుగుర్ని కన్నాను తల్లీ. నలుగురికీ ముందు చర్చికి వెళ్ళి ఆ కుక్క తల నిమిరి వచ్చాను. మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. దాని నెత్తి అరిగి అరిగి నున్నగా అయిపోయింది. మా ఊళ్ళో నెలలు నిండిన పిల్ల ఎవరైనా సరే, వెళ్ళి దాని నెత్తిమీద చెయ్యేసి 'ఉండు, ఇక్కడే ఉండు' అని చెప్పి రావాల్సిందే."

"ఎందుకండీ?"

"ఎందుకేమిటి? దొరసాని పురిట్లో పోయింది. కుక్క ఆవిడ కాళ్ళ దగ్గర్నుంచి కదల్లేదు. బాగానే ఉంది. అక్కడ ఉన్నంతకాలం బాగానే ఉంది." ఆవిడ గొంతు కాస్త తగ్గించింది. "దానికి కాళ్ళు కావాలమ్మా. అలా చాపి పడుకున్న ఆడదాని కాళ్ళు. లేచి మా ఇంటికొస్తుందేమోనని మా ముసలమ్మలు భయపడేవారు. పాస్టరుగారు వింటే నవ్వుతారు. ఆయనకేం, ఆయన కన్నాడా పెట్టాడా?"

పైన, తల మీద, చెక్క నేల కిర్రుమంది.

"నా కుక్కని అతికించి అప్పుడియ్యి. కుక్క లేని దొరసాని నాకొద్దు. ఇంట్లో పెట్టుకోవడానికే ఏదోలా ఉంది" అంటూ మిసెస్ ఫెల్గేట్ లేచింది. చివరి బస్సు పోతుందని కంగారుగా పొగమంచులోకి నడిచింది. తలుపు గంట చప్పుడు ఆగింది.

ఆ తర్వాత పైనుంచి ఇంకో చప్పుడు. గులకరాళ్ళు తగిలినట్టు, టకటకమని.

అది ఏమిటో ఇప్పుడు తెలిసింది. రాతి గంటలు. అవి మోగవు.

మెరియెల్ కొవ్వొత్తి ఒక చేత్తో, బొమ్మ ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కింది. మెట్ల మీద రాతి చలి. చర్చి వాసన గొంతులో అంటుకునేంత చిక్కగా ఉంది. తలుపు తోసింది.

నిప్పుగూట్లో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. ఆ వెలుగు రొవీనా దాకా వెళ్ళడంలేదు. ఆమె సోఫామీద వెల్లకిలా, కర్రలా నిటారుగా పడుకుని ఉంది. కాళ్ళు జంటగా చాపి ఉన్నాయి. రెండు చేతులూ గుండెల మీద జోడించి ఉన్నాయి.

"అక్కా..."

"ఊఁ."

"చేతులు ఎందుకలా పెట్టుకున్నావ్?"

"హాయిగా ఉందే," గుసగుసగా అంది రొవీనా. పెదవులు సరిగ్గా కదలడంలేదు. "కదలబుద్ధి కావడంలేదు."

నిప్పుగూటి పైన పలకమీద కాగితపు పేలిక అలాగే ఆనించి ఉంది. మెరియెల్ కొవ్వొత్తి దగ్గరికి తీసుకెళ్ళింది. చివర నీలం మరక. ఎర్రటి మెత్త. మెత్త మధ్యలో చిన్న గుంట.

అంతే. దాని మీద ఇంకేమీ లేదు.

వెనకాల, నేలమీద, గోళ్ళు...

టక్... టక్... టక్.

మెరియెల్ తిరిగి చూసింది. ఏమీ కనబడలేదు. చప్పుడు మాత్రం బల్ల కింద నుంచి వచ్చింది. కుర్చీ పక్కనుంచి వచ్చింది. సోఫాకేసి వెళ్తోంది. ఇప్పుడే విన్న మాట ఒక్కటే ఆమె బుర్రలో ఉంది. దాన్ని ఆపాలి. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా దానికి చెప్పే మాట...

"ఉండు!" అని అరిచింది. "అక్కడే ఉండు!"

చప్పుడు ఆగింది.

సోఫా చివర దుప్పటి మెల్లగా కిందికి దిగింది. రొవీనా పాదాల దగ్గర, చిన్నగా, గుండ్రంగా. ఏదో బరువు ఒకసారి చుట్టూ తిరిగి, సర్దుకుని, పడుకున్నట్టు.

అది మాట విన్నది.

ఉండమంటే ఉండిపోయింది.

"వద్దు... వద్దు, పో! లే, పో!" మెరియెల్ దుప్పటి లాగింది. రాలేదు. రాతి కింద ఇరుక్కున్నట్టుంది. అక్క పాదం పట్టుకుంది. మడమ దగ్గర వేళ్ళు జారాయి. నున్నగా, గట్టిగా. చీలమండ దాకా అంతే. మోకాలి దాకా అంతే... ఆమె చెయ్యి పైకి జరిపేకొద్దీ చలి కూడా జరుగుతోంది.

కిటికీ తెరిచి, పొగమంచులోకి గొంతు చించుకుని అరిచింది. "నర్సుని పిలవండి! ఎవరైనా నర్సుని పిలవండి!" ఎదురు మాంసం కొట్టు ఆవిడ గొంతు "వెళ్తున్నా, వెళ్తున్నా!" అని ఎక్కడినుంచో వినబడింది.

"అక్కా, బిడ్డ కదులుతున్నాడా?"

రొవీనా జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. "నిద్ర... పోతున్నాడు."

మెరియెల్ దొరసాని బొమ్మని నేలమీద పరిచింది. పేలిక తెచ్చి దాని కింద చేర్చింది. గీతకి గీత కలిసేలా జరిపింది. "రా," అంది. "నీ చోటుకి రా. ఇదిగో, నీ దొరసాని."

దుప్పటిలో గుంట కదిలింది. బరువు నేలమీదకి దిగింది. గోళ్ళు కాగితం దాకా వచ్చాయి. కాగితం అంచు చిన్నగా చిరచిరలాడింది. ముక్కుతో వాసన చూస్తున్నట్టు... ఆగి... మళ్ళీ చూస్తున్నట్టు...

సన్నగా మూలిగింది. రాయి మీద రాయి రాసినట్టుంది ఆ మూలుగు.

మెరియెల్ కొవ్వొత్తి వంచి చూసింది. గీతలు కలవడంలేదు. కత్తి పోయిన చోట వెంట్రుకవాసి కాగితం పొడి అయి రాలిపోయింది. రాలిపోయింది పాదాల కొసలే. కుక్క ఆనుకోవాల్సిన చోటు అదే. దొరసానికి ఇప్పుడు పాదాలు లేవు.

గోళ్ళు వెనక్కి తిరిగాయి. సోఫాకేసి.

ఆలోచించే వ్యవధి లేదు. మెరియెల్ బూట్లు విసిరేసింది. మేజోళ్ళు లాగేసింది. చల్లటి చెక్క నేలమీద వెల్లకిలా పడుకుంది. కాళ్ళు జంటగా చాపింది. రెండు చేతులూ గుండెల మీద జోడించింది. కొవ్వొత్తి ఎక్కడో దొర్లి ఆరిపోయింది.

"రా," అంది చీకట్లోకి. "ఇటు రా. మంచిదానివి కదూ... రా."

నిశ్శబ్దం.

టక్.

టక్... టక్.

మడమల దగ్గర మొదట ఊపిరి తగిలింది. చలి ఊపిరి. తర్వాత తడి ముక్కు. తర్వాత బరువు... అంత చిన్నదానికి అంత బరువు ఎక్కడిది... అరికాళ్ళకి ఆనుకుని, ఒకసారి చుట్టూ తిరిగి, పడుకుంది. పాదాలు పోయినట్టయింది. చీలమండలు. పిక్కలు. ఆమె పై కప్పుకేసి చూస్తూ ఉండిపోయింది. తల తిప్పలేకపోయింది.

సోఫామీద రొవీనా కెవ్వుమంది.

"కాళ్ళు! అమ్మో, కాళ్ళు మండిపోతున్నాయే! మెరియెల్! నీళ్ళు... మెరియెల్, ఉమ్మనీరు పోయింది! ఎక్కడున్నావే?"

ఇక్కడే ఉన్నానని చెప్పాలనుకుంది మెరియెల్. పెదవులు కదల్లేదు.

నర్సు బ్లోమ్‌ఫీల్డ్ టార్చిలైటుతో వచ్చేసరికి ఒకరు సోఫామీద అరుస్తున్నారు, ఒకరు నేలమీద కట్టెలా పడున్నారు. "కనేది ఎవరే మీలో?" అంటూ ఆవిడ మెరియెల్ మీంచి దాటుకుని వెళ్ళింది. "భయపడి కింద పడిపోయింది, పిరికిది. అలాగే పడుకో, అడ్డం రాకు."

టార్చి వెలుగులో, మాంసం కొట్టు ఆవిడ పట్టుకున్న లాంతరు వెలుగులో బిడ్డ పుట్టాడు. పుట్టగానే గుక్కపట్టి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక మెరియెల్ కళ్ళల్లోంచి నీళ్ళు కారి చెవుల్లోకి దిగాయి. తుడుచుకోవడానికి చెయ్యి లేవలేదు. కరెంటు వచ్చి దీపాలు వెలిగాకే ఆమె వేలు కదిలింది. కాళ్ళు ముడుచుకోగానే బరువు లేచింది.

ఆ రోజు జరిగిందేదీ రొవీనాకి గుర్తులేదు. మత్తుగా ఉందనీ, తర్వాత నొప్పులొచ్చాయనీ అంటుంది. మెరియెల్ ఎవరికీ చెప్పలేదు. బిడ్డకి జాస్పర్ అని పేరు పెట్టారు. గార్త్ సముద్రంమీంచి వచ్చి, కొడుకుని చూసుకుని, పొంగిపోయి మళ్ళీ వెళ్ళాడు.

మెరియెల్ ఆ తర్వాత పడుకుని నిద్రపోలేదు. కుర్చీలోనే కూర్చుని, కాళ్ళు ముడుచుకుని కునికేది. ఎప్పుడైనా పొరపాటున కాళ్ళు చాపితే బరువు వచ్చి చేరేది. పాదాలు వేసవికాలం వచ్చినా వేడెక్కలేదు. డాక్టరు రక్తం ఆడడంలేదని మాత్రలు రాశాడు. నడుస్తుంటే ఒక అడుగు వెనకగా టకటక. కొట్టుకొచ్చినవాళ్ళు అప్పుడప్పుడు కిందికి చూసేవారు, ఏదో కాళ్ళకి రాసుకున్నట్టు.

మిసెస్ ఫెల్గేట్‌కి డబ్బు వెనక్కి ఇచ్చేసింది. ఆవిడకి బిడ్డ సంగతి తెలిసి, "కన్నాక కూడా రావాలి, కుక్కకి చెప్పుకోవాలి. అక్కనీ బిడ్డనీ తీసుకునిరా. టీకి మా ఇంట్లోనే" అని పిలిచింది. జూన్‌లో ఒక ఆదివారం ముగ్గురూ కాల్డ్‌ఫోర్డ్ బస్సెక్కారు.

చర్చిలో ఎండ రంగు అద్దాల్లోంచి ముక్కలు ముక్కలుగా పడుతోంది. ఆవిస్ దొరసాని అక్కడే ఉంది. పక్కన రాతి బిడ్డ. కాళ్ళ దగ్గర కుక్క, అరిగిన నున్నటి నెత్తితో. మెరియెల్ దాన్నే చూస్తూ ఆగిపోయింది. రాతి కుక్క దాని చోటులో ఉంటే... మరి తనతో వచ్చింది ఏమిటి?

"చెయ్యి వెయ్యమ్మాయ్," అంది మిసెస్ ఫెల్గేట్. "కరవదు. నా నలుగురి తరఫునా నేను పూచీ."

మెరియెల్ కుక్క నెత్తిమీద చెయ్యి పెట్టి గట్టిగా కళ్ళు మూసుకుంది. మనసంతా ఆ చేతిలోకి తెచ్చుకుంది. "ఉండు," అంది గుసగుసగా. "ఇక్కడే ఉండు. ఇంక నాతో రాకు."

అరికాళ్ళ దగ్గర చలి వదిలింది. ఎన్ని నెలల తర్వాతో పాదాల్లోకి వేడి జరజరా పాకింది. వేళ్ళు ఒక్కొక్కటే తెలిశాయి. ఆమె కళ్ళు తెరిచి, నవ్వుతూ ఏడ్చేసింది.

"అయ్యో పిచ్చిదానా," అంది రొవీనా. ఆమె సమాధి మెట్టు మీద, దొరసాని కాళ్ళ పక్కనే దించిన బిడ్డ బుట్ట పైకి తీసుకుంటోంది. "చేతులు లాగుతున్నాయని ఇందాకే ఇక్కడ దించాను. వీడూ కుక్క దగ్గర దీవెనలు తీసుకున్నాడులే. పద, టీ చల్లారిపోతుంది."

మెరియెల్ మిసెస్ ఫెల్గేట్ చేసిన కేకు రెండు ముక్కలు తింది. కుర్చీ కింద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. ఏ బరువూ రాలేదు. దారిలో గడ్డి మీద చెప్పులు విప్పి నడిచింది. వెనక ఏ చప్పుడూ లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇవాళ మంచం మీద పడుకోవాలి అనుకుంది. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని, కాళ్ళు చాపుకుని. కళ్ళు మూతపడుతున్నాయి.

"మెరియెల్, వీడి కాళ్ళు చూడవే," అంది రొవీనా. బుట్ట ఇద్దరి మధ్యా సీటు మీద ఉంది. "ఇంత ఎండలో మంచులా ఉన్నాయి. మేజోళ్ళు ఎక్కడ పెట్టాను?"

మెరియెల్ కళ్ళు తెరిచింది.

జాస్పర్ మెలకువగానే ఉన్నాడు. ఏడవడంలేదు. వెల్లకిలా, నిటారుగా, రెండు చిన్న చేతులూ గుండెల మీద కలిపి పెట్టుకుని, బస్సు కప్పుకేసి చూస్తున్నాడు. వాడి పాదాల దగ్గర, దుప్పటిలో ఒక గుంట ఉంది. చిన్నగా, గుండ్రంగా.

"బుట్ట ఇంత బరువుందేమిటే ఇవాళ," అంటూ రొవీనా సంచీలో మేజోళ్ళు వెతుక్కుంటోంది.

మెరియెల్ నోరు తెరిచింది. ఏ మాట అనాలో తెలియలేదు. ఉండమనాలా, రమ్మనాలా... ఏ మాటకి లేస్తుందో, అది ఎవరి మాట వింటుందో...

బస్సు ఒక కూడలి దగ్గర ఆగింది. ఇంజను ఆగిపోయిన ఆ నిశ్శబ్దంలో, దుప్పటిలో ఆ గుంట మెల్లగా పైకి లేచింది. మెల్లగా కిందికి దిగింది. మళ్ళీ లేచింది.